సురభి ‘మాయాబజార్’: నాటకం మిగిలింది, రేకుల హాలు పోయింది

హైదరాబాదులోని ఒక ఆధునిక సభామందిరంలో ఇటీవల సురభి నాటక సమాజం కళాకారులు ఆడిన ‘మాయాబజార్’ చూశాను. నాటకానికి ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను, హాలుకు మాత్రం రెండుకు మించి వేయలేను. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే, సురభివారు ఒకప్పుడు తమ వెంట ఊరూరా మోసుకుపోయిన రేకుల హాలు సంగతి ముందు చెప్పుకోవాలి.

తోలుబొమ్మలాట ఆడుకుంటూ వచ్చిన మరాఠీ మూలాల కుటుంబం వారిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో బొమ్మలకు బదులు మనుషులే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు, ఆ ఊరి పేరే సమాజానికి స్థిరపడింది. స్త్రీ పాత్రలను మగవారే ధరించడం మామూలైన కాలంలో ఇంటి ఆడవారినే రంగస్థలం ఎక్కించారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి ఈ కుటుంబం నుంచి వెళ్లినవారే. కుటుంబం పెరిగేకొద్దీ సమాజాలూ చీలి పెరిగాయి. ఒక్కొక్క సమాజం ఒక పట్టణంలో దిగి, సొంత రేకుల హాలు కట్టుకుని, వెనుకే కాపురాలు పెట్టుకుని, జనం వచ్చినంత కాలం రోజుకొక నాటకం ఆడి, ఆదరణ తగ్గగానే రేకులూ తెరలూ పిల్లాపాపలతో సహా మరో ఊరికి తరలిపోయేది. సినిమా, ఆ తరువాత టీవీ ఆ సంచార జీవనాన్ని దెబ్బతీశాయి. సమాజాలు కొద్దిపాటికి కుదించుకుపోయాయి, కుటుంబాలు చాలావరకు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డాయి.

ఆ హాలును ఇంతగా తలచుకోవడం పాతదనం మీద మోజుతో కాదు. సురభి నాటకానికి ప్రాణం ట్రిక్కు సీన్లు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, వదిలిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళతాయి. ఇదంతా పక్కతెరల వెనుక నిలబడిన మనుషులు తీగలు లాగుతూ, దీపాల వెలుగును అదుపు చేస్తూ, పాటకూ మాటకూ సరిగ్గా కలిపి నడిపించే పని. తీగ ఎంత ఎత్తున కట్టాలో, ఏ బెంచీలో కూర్చున్నవారికి అది కనబడదో సొంత హాలులో వారికి కొట్టిన పిండి. అద్దెకు తీసుకున్న మందిరంలో ఆ కొలతలన్నీ ప్రదర్శన రోజునే మళ్లీ చూసుకోవాలి. అయినా నేను చూసిన ఆటలో లడ్డూల ఘట్టం రవ్వంత కూడా తడబడలేదు, పక్కన కూర్చున్న పిల్లలైతే కుర్చీల మీదికెక్కి నిలబడ్డారు. హార్మోనియం, తబలా అక్కడికక్కడే వాయించడం వల్ల పద్యం ఎత్తుగడకు వచ్చే బలం రికార్డింగులో దొరకదు. మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడిగా నటించిన అమ్మాయి నడకలోనూ చూపులోనూ మోటుతనాన్ని పలికించిన తీరు నాకు ట్రిక్కుల కన్నా ఎక్కువ నచ్చింది.

మందిరం నిర్వాహకులు మాత్రం గాయకుల గొంతులు చాలవన్నట్టు మైకుల శబ్దం విపరీతంగా పెంచారు. పద్యం చివరి రాగమంతా గరగరలో కలిసిపోయింది. తెర మారే విరామాల్లో హాలు దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగించడంతో అప్పటిదాకా చీకటి దాచిన తీగలు బయటపడ్డాయి. రవీంద్రభారతి వంటి వేదికల మీద దశాబ్దాలుగా సురభి నాటకాలు ఆడుతూనే ఉన్నాయి కనుక, తప్పు సభామందిరం అన్న ఏర్పాటుది కాదు, దాన్ని నడిపేవారిది. బి.వి. కారంత్ వంటి కన్నడ రంగస్థల దర్శకుడు వీరితో ‘భీష్మ’, ‘చండీప్రియ’ నాటకాలు చేయించారంటే కొత్త వేదికకు ఒదిగే శక్తి ఈ కళాకారులకు ఉందనే అర్థం.

వెళ్లదలచినవారికి ఒక సలహా: ఖరీదైన ముందు వరుసల టిక్కెట్టు తీసుకోవద్దు. అక్కడి నుంచి తీగలూ, వాటిని లాగే చేతులూ కనబడతాయి. మధ్య వరుసల్లో, వేదికకు ఎదురుగా కూర్చుంటే మాయ మాయగానే ఉంటుంది, మైకుల హోరూ కొంత తగ్గుతుంది.