అంకెను ప్రశ్నించమన్న వ్యాసరచన పోటీ

సామాజిక గణాంకాల విమర్శనాత్మక వినియోగంపై డిగ్రీ విద్యార్థుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ విజయవాడలో నిర్వహించిన వ్యాసరచన పోటీకి, గుంటూరులో అర్థశాస్త్రం బోధిస్తున్న నేను మా కళాశాల నుంచి నలుగురు విద్యార్థులను తీసుకువెళ్లాను. ప్రవేశ రుసుము లేదు. సమయం మూడు గంటలు. తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాయవచ్చు. హాలు, భోజనం బాగున్నాయి. అయితే ఈ పోటీ గురించి వివరంగా చెప్పవలసింది ప్రశ్నపత్రమే.

సాధారణంగా ఇలాంటి పోటీల్లో ఒక శీర్షిక ఇస్తారు, పిల్లలు ముందుగా కంఠస్థం చేసుకొచ్చినది రాసి వెళ్తారు. ఇక్కడ శీర్షికకు బదులు పట్టిక ఇచ్చారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి 1000 మంది పురుషులకు 1020 మంది స్త్రీలున్నారు. అదే సర్వేలో, అంతకుముందు అయిదేళ్లలో పుట్టిన పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 929 మందే ఆడపిల్లలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి, సర్వే ఎవరిని లెక్కించిందో తెలిపే నిర్వచనాల పేజీని జతచేసి, దేశంలో స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను మించిపోయిందని దీన్నిబట్టి చెప్పవచ్చునా అని అడిగారు. సర్వే వెలువడినప్పుడు పత్రికలు పెద్ద అక్షరాలతో ప్రకటించిన ముగింపునే విద్యార్థులు పరీక్షించాలన్నమాట.

నిర్వచనాన్ని శ్రద్ధగా చదివిన వారికి దారి దొరుకుతుంది. 1020 అనేది సర్వే బృందం రావడానికి ముందు రాత్రి ఆయా ఇళ్లలో ఉన్నవారి లెక్క. పనిస్థలాల్లో, హాస్టళ్లలో, సైనిక నివాసాల్లో ఉన్నవారు ఇందులోకి రారు, వారిలో పురుషులే ఎక్కువ. దేశంలోని మనుషులందరినీ లెక్కించే జనగణనలో, 2011లో, ఈ నిష్పత్తి 943. పల్నాడు నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఒక అమ్మాయి, తన తండ్రి భవన నిర్మాణ పనులకు హైదరాబాదు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటాడనీ, అలాంటి రాత్రి తమ ఇంటి తలుపు తడితే లెక్కలో తల్లీ, నాయనమ్మా, తానూ మాత్రమే మిగులుతామనీ రాసిందట. తిరుగు ప్రయాణంలో ఆమె ఈ మాట చెప్పినప్పుడు, ఏడాది పొడవునా నేను తరగతిలో వివరించలేకపోయినది ఆ ప్రశ్న ఒక్క పూటలో చేయించిందని నాకు అనిపించింది.

రెండో ప్రశ్న 2011లో 67.4 శాతమున్న గుంటూరు జిల్లా అక్షరాస్యతను నేటి గుంటూరు జిల్లా అంకెతో పోల్చవచ్చునా అన్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు విడిపోయి, బాపట్ల ప్రాంతం మరో జిల్లాలో చేరాక, పేరు అదే అయినా జిల్లా అది కాదు. ఇదీ మంచి ప్రశ్నే.

లోపం మూల్యాంకనంలో ఉంది. ప్రథమ బహుమతి పొందిన వ్యాసాన్ని వేదికపై చదివి వినిపించారు. అందులో అంకెలు ధారాళంగా ఉన్నాయి, భాష గంభీరంగా ఉంది, కానీ నిర్వచనాల పేజీ గురించి ఒక్క వాక్యమూ లేదు. ఏ ప్రమాణంతో మార్కులు వేశారో చెప్పలేదు, వ్యాసాలను తిరిగి ఇవ్వలేదు. ఇంత ఆలోచనతో ప్రశ్నపత్రం తయారుచేసిన వారే న్యాయనిర్ణేతలకు దాని ఉద్దేశాన్ని వివరించకపోవడం నన్ను నిజంగా బాధించింది. పైగా నిర్వచనాల పేజీ ఇంగ్లీషులోనే ఉండటంవల్ల తెలుగు మాధ్యమం పిల్లలకు అది అర్థం చేసుకోవడానికే అరగంట పట్టింది.

అయినా వచ్చే ఏడు కూడా మా విద్యార్థులను పంపుతాను, తోటి అధ్యాపకులు కూడా పంపాలని కోరుతున్నాను. వెళ్లేముందు ప్రభుత్వ సర్వే నివేదికల్లో పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణలను పిల్లలతో చదివిస్తే మేలు. నిర్వచనాల తెలుగు అనువాదం జతచేయమనీ, వ్యాసాలపై రెండు మాటలైనా రాసి తిరిగి పంపమనీ నిర్వాహకులకు ఉత్తరం రాశాను. పల్నాడు అమ్మాయి వ్యాసం నకలు కూడా అందులోనే అడిగాను.