పాత 800కి కార్బరేటర్ కిట్ మేలా, కొత్త కార్బరేటర్ మేలా?

పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్ ఉన్న పాత మోడల్ మారుతి 800ని ఇంకా అమ్మకుండా ఉంచుకున్నవాళ్లు ఫోన్ చేస్తే దాదాపు ఒకటే అడుగుతారు. స్లోలో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతుండగా, బండి ఆగిపోతోంది, వేడి మీద సెల్ఫ్ కొడితే పట్టుకోవడం లేదు, బానెట్ ఎత్తితే గుప్పున పెట్రోల్ వాసన, మైలేజీ చూస్తే ఏడుపొస్తోంది. మెకానిక్ కొత్త కార్బరేటర్ వేసేద్దాం అంటున్నాడు, వేయించేదా, లోపల అరిగే చిన్న భాగాలు మాత్రం మార్చే కిట్‌తో సరిపెట్టేదా? మా 1996 మోడల్‌కి మొన్న ఎండాకాలంలో ఇదే జబ్బు చేసింది. లీటరుకి పదహారు ఇచ్చే బండి పదికి పడిపోయింది. నేను కిట్ వేయించాను. అందరికీ అదే చెప్పనుగానీ, కొత్తది కొనే ముందు చూడాల్సింది ఒకటుంది. దాన్ని చూడకుండానే చాలామంది డబ్బు పెట్టేస్తున్నారు.

అసలు తప్పు కార్బరేటర్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉండే మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టండి. మూడూ మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. ఒక్కటే నల్లగా ఉండి మిగతా రెండూ ఇటుక రంగులో ఉంటే ఆ ఒక్క సిలిండర్ ప్లగ్గో వైరో చూసుకోవాలి, కార్బరేటర్ జోలికి పోవద్దు. తర్వాత చోక్, అంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేందుకు గాలి తగ్గించే రేకు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టండి. లోపలి రేకు నిట్టనిలువుగా నిలబడాలి. కేబుల్ తుప్పు పట్టి ఆ రేకు సగంలో ఆగిపోయిన బండ్లు ఎన్నో చూశాను. అలాంటి బండి రోజంతా చోక్ వేసుకుని తిరుగుతున్నట్టే, పెట్రోల్ తాగక ఏం చేస్తుంది? తర్వాత ఆయిల్ గేజ్ తీసి వాసన చూడండి. పెట్రోల్ కంపు కొడుతూ ఆయిల్ మట్టం పెరిగి ఉంటే పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగిందేమో చూడాలి. కార్బరేటర్ నిండి పొంగే ఓవర్‌ఫ్లో బాగా ముదిరినా ఆయిల్లోకి పెట్రోల్ దిగుతుంది. ఏదైనా సరే, ఆ ఆయిల్‌తో బండి నడపకండి, బేరింగులు పోతాయి.

పెట్రోల్ వాసన లేకుండా ఊరికే స్లోలో ఆగిపోయే బండి కథ వేరు. తాళం తిప్పగానే కార్బరేటర్ దగ్గర 'టిక్' మని వినిపించాలి. వినిపించకపోతే, స్లోకి పెట్రోల్ దారి తెరిచే కరెంటు వాల్వు సోలినాయిడ్‌కి కరెంటు రావడం లేదు, లేదా అదే పోయింది. దాన్ని మార్చుకుంటే చాలు, కిట్ మాటే అక్కర్లేదు.

పొల్యూషన్ చీటీని పడేయకండి. బీఎస్-2 పొగ నిబంధనల కంటే ముందు నాటి కార్లకి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. మా బండికి నాలుగు దాటి వచ్చింది. మిక్చర్ రిచ్‌గా, అంటే గాలికి తగ్గ దానికంటే పెట్రోల్ ఎక్కువగా ఉందని చెప్పడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. పని చేయించే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూపించుకుంటే మెకానిక్ మాట నమ్మాలా వద్దా అన్న గొడవే ఉండదు.

ప్లగ్ వైర్లు, చోక్, పంపు బాగుంటే అప్పుడు కార్బరేటర్. 800 కార్బరేటర్‌కి పక్కన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది, మధ్యలో ఒక గుర్తు. బండిని సమంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ స్లోలో పెట్టి టార్చి వేసి చూస్తే పెట్రోల్ గీత ఆ గుర్తు దగ్గర కనబడాలి. మా బండికి గీతే లేదు. అద్దం నిండా పెట్రోలే. అంటే గిన్నె నిండినా లోపలికి వచ్చేది ఆగడం లేదన్నమాట. ఆపాల్సింది ఫ్లోట్ అనే తేలే బుడ్డి నెట్టే మొన, ఫ్లోట్ నీడిల్. పెట్రోల్ నిండేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌ని సీటులోకి నెట్టి దారి మూస్తుంది. మూయకపోతే మిగులు పెట్రోల్ తిన్నగా ఇంజన్లోకి జారుతుంది. ప్లగ్గులు తడుస్తాయి, బండి ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. ఈ జబ్బులన్నిటికీ మూలం ఆ ఒక్క చోటే.

విప్పినప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. మా నీడిల్‌ని గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకుంటే దాని మొన చుట్టూ సన్నటి మెరిసే గాడి కనిపించింది, పాత ఉంగరం వేలి మీద వదిలిన గుర్తులాగా. గోటితో తడిమితే గోరు తగులుకుంది. ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చుని అరిగిపోయింది. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల చప్పుడైతే చిల్లుపడి పెట్రోల్ చేరినట్టు, అది ఇక తేలదు. కొత్త నీడిల్, సీటు వేశాక పై మూతని తిరగేసి, ఫ్లోట్ బరువుతో నీడిల్ మూసుకున్నాక, పెట్రోల్ వచ్చే గొట్టంలోకి గాలి ఊదాలి. ఇసుమంత కూడా పోకూడదు. ఈ పరీక్ష చేయకుండా బిగించేస్తే మళ్లీ విప్పాల్సి వస్తుంది.

పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు జెట్లు. వాటిలో తీగ మాత్రం పెట్టనివ్వకండి. ఇత్తడి మెత్తటిది. ఒక మిల్లీమీటర్ రంధ్రం 1.05 అయిందంటే వైశాల్యం 10 శాతం పెరిగిపోతుంది. కంటికి తెలియదు, పెట్రోల్ బిల్లుకి తెలుస్తుంది. క్లీనర్ కొట్టి ఎయిర్‌తో ఊదడమే పద్ధతి.

ఇక కిట్టా కొత్తదా అన్నది తేల్చేది, నా లెక్కలో, ఆక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ, థ్రాటిల్ షాఫ్ట్ ఒక్కటే. నీడిల్, సీటు, గాస్కెట్లు, డయాఫ్రమ్‌లు అన్నీ కిట్‌లో వస్తాయి. షాఫ్ట్ తిరిగే రంధ్రం కార్బరేటర్ బాడీలోనే ఉంటుంది, అది కిట్‌లో రాదు. ఆక్సిలరేటర్ కేబుల్ తగిలించే లీవర్ పట్టుకుని ముందుకూ వెనక్కీ కాదు, పైకీ కిందికీ, పక్కలకీ ఊపండి. టకటకమని ఆడితే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయినట్టు. ఆ సందులోంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంది. స్లో నిలబడదు. నిలబెట్టడానికి మెకానిక్ మిక్చర్ స్క్రూ విప్పుతూ పోతాడు, స్లో స్క్రూ బిగిస్తూ పోతాడు. బండి ఆగకుండా తిరుగుతుందిగానీ సిగ్నల్ సిగ్నల్‌కీ పెట్రోల్ తగలేస్తుంది. అనుమానంగా ఉంటే ఇంజన్ స్లోలో ఉండగా షాఫ్ట్ రెండు చివరలా ఒక్కో చుక్క ఇంజనాయిల్ వేసి వినండి. చుక్క పడగానే ఇంజన్ చప్పుడు మారితే అక్కడ గాలి పీలుస్తోంది.

షాఫ్ట్ బిగువుగా ఉంటే కళ్లు మూసుకుని కిట్ వేయించండి. ఆడుతుంటే కిట్ డబ్బులు దండగ, రెండు దారులే మిగులుతాయి. ఒకటి, లేత్ మీద రంధ్రం సాఫు చేసి ఇత్తడి బుష్ (తొడుగు) వేయించడం. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఈ పని తెలిసిన చేయి ఇంకా దొరుకుతుంది. రెండోది, కొత్తది కొనడం.

కొత్తది చెడ్డదని నేననను. కిట్ ఖర్చు వందల్లో ఉంటే కొత్తది వేలల్లో ఉంటుంది, సరే, బండి మీద ప్రేమ ఉన్నవాడు అదీ పెడతాడు. నా అభ్యంతరం ఖర్చు గురించి కాదు. కంపెనీ నుంచి వచ్చిన కార్బరేటర్ జెట్లు ఈ 796 సీసీ ఇంజన్ కోసమే కొలిచి పెట్టినవి. బయట దొరికే నకళ్లలో బాడీ నిగనిగలాడుతుంది, జెట్ల కొలత మాత్రం ఒక్కోదానికీ ఒక్కోలా ఉంటుంది. పైగా రోగం వేరే చోట ఉంటే కొత్తది కూడా అదే రోగాన పడుతుంది. మా మేనమామ బండికి కొత్తది వేయించారు. పది రోజులు పూలరథంలా నడిచింది, పదకొండో రోజు గుడి ముందు ఆగిపోయింది. విప్పితే కొత్త నీడిల్ సీటులో ఆవగింజలో సగం లేని తుప్పు రేణువు. ట్యాంకు లోపలంతా పొట్టు లేస్తోంది. ట్యాంకు దించి కడిగించి, పదిహేను రూపాయల పూసంత ఫిల్టర్ కాకుండా మంచి ఫిల్టర్ వేయించాక మళ్లీ ఆ మాట లేదు. పాత కార్బరేటర్ని అప్పటికే షాపులో వదిలేశారు, అదే బాధ.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే ఇదంతా అని ఈ మధ్య అందరూ అంటున్నారు. సగం నిజం. ఇథనాల్ వల్ల మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ) అవుతుంది, రిచ్ కాదు. మైలేజీ కొద్దిగా తగ్గుతుందిగానీ పదహారు కాస్తా పది అవ్వదు. అది చేసే అసలు హాని వేరు. పాత రబ్బరు పైపుల్ని, డయాఫ్రమ్‌ల్ని ఉబ్బించి పాడు చేస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురుని కదిలించి నీడిల్ దాకా మోసుకొస్తుంది. నెలల తరబడి కదలని బండిలో నీరు పట్టి తుప్పూ లేస్తుంది. అందుకే కిట్ వేయించినా, కొత్తది కొన్నా, ట్యాంకు నుంచి పైపులు, ఫిల్టర్ అన్నీ ఆ పనితోపాటే మార్పించండి.

కార్బరేటర్ లేకుండా కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజన్ దించి పెట్టుకోవచ్చు, వైరింగు, కంప్యూటర్, ట్యాంకులో పంపు, ఆర్‌సీలో ఇంజన్ నంబరు మార్పు అన్నీ పెట్టుకునే ఓపిక ఉంటే. గ్యాస్ కిట్ కూడా ఉందిగానీ, ఓవర్‌ఫ్లో పోవడానికి గ్యాస్ కిట్ వేయించడం తలనొప్పికి తల మార్చుకున్నట్టే.

పని అయ్యేదాకా బండి వాడక తప్పకపోతే, ప్లగ్గులు తడిసి స్టార్ట్ కానప్పుడు ఆక్సిలరేటర్‌ని పదేపదే తొక్కకండి. తొక్కిన ప్రతిసారీ మరికొంత పెట్రోల్ చిమ్ముతుంది. పెడల్ నేలకి అదిమిపెట్టి, కదపకుండా, సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువ పోయి ప్లగ్గులు ఆరతాయి. కార్బరేటర్ బయట తడిగా కనిపిస్తే మాత్రం స్టార్ట్ చేయవద్దు. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారుతున్న బండిని తోయించుకుని పోవడమే మంచిది.

మా షాఫ్ట్ బిగువుగానే ఉంది. కిట్ వేశాక ఇంజనాయిల్ మార్పించాను, పాతది నీళ్లలా దిగింది. ఇప్పుడు అద్దంలో గీత గుర్తు మీద నిలుస్తోంది, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి లెక్కేస్తే పదిహేనున్నర వస్తోంది. మీ షాఫ్ట్ ఆడుతూ కొత్తది కొనక తప్పకపోతే, పాతదాన్ని షాపులో వదలకండి, కవర్లో చుట్టి ఇంటికి తెచ్చుకోండి. దాని జెట్లు మీ బండివి.