దడ ఎందుకో తేలాలంటే హోల్టర్, ప్యాచ్, చేతి వాచీల్లో ఏది మేలు?

దడ పుట్టి ఆసుపత్రికి వెళ్లేసరికి అది సద్దుమణుగుతుంది. ఈసీజీలో అంతా మామూలే. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంటే ఆ కాగితంలో కనిపించేది సుమారు పది సెకన్ల లయ. అంతమాత్రాన ‘ఏమీ లేదు, కంగారు వల్లే’ అని మనిషిని ఇంటికి పంపేయడం నాకు మింగుడుపడదు.

దడ రోజూ, లేదా రోజు విడిచి రోజు వస్తుంటే నా ఓటు గుండె లయను ఆపకుండా నమోదు చేసే హోల్టర్ పరికరానికే. అమెరికాలోని మోంటానాలో నార్మన్ హోల్టర్ 1940లలో తయారుచేసిన తొలి పరికరాన్ని వీపున మోయాల్సి వచ్చేది. బరువు సుమారు 38 కిలోలు. ఇప్పటిది అరచేతిలో ఇమిడిపోతుంది. ఛాతీకి బిళ్లలు అతికించి, తీగలు తగిలించి, 24 లేదా 48 గంటలు ఉంచుతారు. చాలా పరికరాలతో స్నానం కుదరదు. అతికించే ముందు ఛాతీకి నూనె, పౌడరు రాయకూడదు.

చాలామంది ఆ రోజంతా మంచం దిగరు. అలా చేస్తే పరీక్ష వృథా. డాక్టరు వద్దంటే తప్ప మెట్లెక్కాలి, వంట చేయాలి, ఎప్పటిలాగే పనికి వెళ్లాలి. దడ రాగానే మీట నొక్కి, ‘ఉదయం 10.20, బిందె ఎత్తుతుండగా’ అని రాసిపెట్టాలి. ఆ నిమిషంలో లయ సవ్యంగా ఉన్నట్టు తేలినా మేలే. దడకు కారణం రక్తహీనతో, థైరాయిడో వెతకొచ్చు.

దడ వారానికోసారే వస్తే ఒక్కరోజు హోల్టర్‌కు అది చిక్కడం అదృష్టమే. అప్పుడు రెండు వారాల దాకా ఒంటికి అంటుకుని ఉండే ప్యాచ్ అడగండి. ఖర్చు ఎక్కువ, చర్మం దురద పెట్టవచ్చు. అయినా ఎక్కువ రోజులు గమనిస్తే ఫలితం ఉంటుంది. కారణం తెలియని పక్షవాతం వచ్చినవారిపై కెనడాలో జరిపిన ఎంబ్రేస్ అధ్యయనం 2014లో వెలువడింది. అందులో 24 గంటల హోల్టర్‌తో 3.2 శాతం మందిలో, 30 రోజుల పరికరంతో 16.1 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) బయటపడింది.

ఈసీజీ తీసే చేతి వాచీ వీటికి తోడు మాత్రమే. దానిపై వేలు ఆనించి అరనిమిషం కదలకుండా కూర్చోవాలి. స్పృహ తప్పుతున్నవారికి అది సాధ్యమా? దడ వేళ దొరికిన రికార్డును మాత్రం చెరపకుండా డాక్టరుకు చూపించండి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు కారణం లేకుండా పడిపోయేవారికి చర్మం కింద అమర్చే లూప్ రికార్డరే తగినది. అది ఏళ్ల తరబడి కాపలా కాస్తుంది. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, స్పృహ తప్పినా ఏ పరికరం మేలని ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి.