ఏఆర్ హెడ్‌సెట్‌తో పది నెలలు లెక్కలు రాశాక

నెలాఖరు బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే బ్యాంక్ లెక్కనీ మన పుస్తకాల లెక్కనీ సరిపోల్చే పని కోసమే ఈ ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) హెడ్‌సెట్ కొన్నాను. తలకు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గదిలోనే కంప్యూటర్ విండోలు తేలుతున్నట్టు చూపిస్తుంది. ఆ ఒక్క పనికి ఇప్పటికీ దీన్ని మించింది నా దగ్గర లేదు. ఎడమ పక్క బ్యాంక్ స్టేట్‌మెంట్, ఎదురుగా లెడ్జర్, కుడి పక్క ఇన్‌వాయిస్‌లు. మూడూ గాలిలో నిలబడి ఉంటాయి, తల తిప్పితే చాలు. ల్యాప్‌టాప్‌లో ఒక విండో నుంచి ఇంకో విండోకి వెళ్ళేలోపు చూసిన అంకె మర్చిపోయే బాధ మొదటి రోజే తీరింది. పైగా జీతాల షీట్ తెరిచినా పక్క సీటు వాళ్ళ కంట పడదు. కొనేటప్పుడు ఈ సంగతి తట్టనే లేదు, ఇప్పుడు అదే పెద్ద నిశ్చింత.

మొదటి నెలలో అడిగినవాళ్ళందరికీ కొనమనే చెప్పాను. నాలుగో నెలలో క్యాష్‌బుక్ దగ్గర దెబ్బ తగిలింది.

ఆ రోజు చేతిరాత క్యాష్ వోచర్ల కట్ట ముందు పెట్టుకుని, హెడ్‌సెట్ తియ్యకుండానే ఎంట్రీలు కొట్టేశాను. సాయంత్రం క్యాష్ లెక్కపెడితే పుస్తకంలో ఉన్నదానికంటే 500 ఎక్కువ వచ్చింది. ఎక్కువ రావడమూ టెన్షనే, ఎవరికి తక్కువ ఇచ్చామో అని. పాత పద్ధతిలో ముందు 9తో భాగించాను. పక్కపక్క అంకెలు తారుమారైతే, అంటే 4,380 బదులు 4,830 కొడితే, తేడా ఎప్పుడూ 9తో శేషం లేకుండా పోతుంది. 500 పోదు. తప్పు వైపు పడిన మొత్తం తేడాలో రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి దాన్ని సగం చేసి, 250 వసూలు ఏదైనా పొరపాటున చెల్లింపు వైపు పడిందేమో వెతికాను. అదీ కాదు. రెండు గంటల తర్వాత హెడ్‌సెట్ పక్కన పెట్టి, వోచర్లు ఒక్కొక్కటే దీపం కింద చూసుకుంటూ పోతే దొరికింది. కాగితం మీద చెల్లింపు 4,380. నేను కొట్టింది 4,880.

గాలిలో కనిపించే విండోలను హెడ్‌సెట్ తనే గీస్తుంది కాబట్టి అంకెలు స్పష్టంగా ఉంటాయి. ఎదురుగా ఉన్న కాగితాన్ని మాత్రం మనం నేరుగా చూడటం లేదు. ముందున్న కెమెరాలు తీసే వీడియోని లోపలి తెర మీద చూస్తున్నాం. వెలుతురు తగ్గేకొద్దీ ఆ వీడియో మసకబారి, 3కి ఎడమ పక్క ఉండే ఖాళీ పూడిపోతుంది. అద్దం గుండా నేరుగా చూసే రకంలో ఈ గొడవ ఉండదు. 2016లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హెడ్‌సెట్ హోలోలెన్స్ ఆ రకమే, కానీ దాని రెండో తరం తయారీని కూడా 2024లో ఆపేశారు.

మూడు విండోలు అన్నాను గానీ ఇప్పుడు రెండే పెడుతున్నాను. అర కిలో బరువు మొహాన పెట్టుకుని అటూ ఇటూ తల తిప్పితే గంటన్నరకే మెడ పట్టేస్తోంది.

వోచర్ మీద వేలు పెడితే దాని ఎంట్రీ అక్కడే తేలి, తేడా ఉంటే ఎర్రగా కనిపించాలని నాకు గట్టిగా ఉంది. అది వస్తే ఆఫీసు పని నిజంగానే మారుతుంది. స్టాక్ లెక్కింపులో మాత్రం అలాంటిది వద్దు. పుస్తకంలో ఎంత ఉందో ముందే కనిపిస్తే, లెక్కపెట్టేవాళ్ళ కన్ను ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది.

నా పని ముప్పాతిక వంతు స్క్రీన్ మీదే, అందుకే దీన్ని అమ్మెయ్యలేదు. మీది చేతిరాత కాగితాల ఆఫీసు అయితే, డెమోకి వెళ్ళేటప్పుడు ఒక పాత వోచర్ పట్టుకెళ్ళి, లైట్లు తగ్గించమని అడిగి చదివి చూడండి.