బీఎల్‌కేఐడీ: పార్టిషన్‌లో నిజంగా ఉన్నదేమిటో చదివి చెప్పే కమాండ్

మా పెదనాన్నగారింట్లో టీవీకి తగిలించుకునే మీడియా బాక్సు పాడైపోయాక, అందులోని హార్డ్ డిస్కును తీసి విండోస్ కంప్యూటర్‌కు పెడితే అది ఫార్మాట్ చేయమని అడిగింది. మా అక్క పెళ్లి వీడియో ఆ ఒక్క డిస్కులోనే ఉంది కాబట్టి, ఆయన కంగారుపడి దాన్ని నాకు పంపించారు. లైనక్స్‌లో డిస్కు విభాగాలను (పార్టిషన్లను) చూపే ఎఫ్‌డిస్క్ కమాండ్ ఆ పార్టిషన్ రకం 7 అని, అంటే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ కుటుంబానికి చెందినదని చూపింది. సుడోతో, అంటే నిర్వాహకుడి (రూట్) అనుమతితో నడిపిన బీఎల్‌కేఐడీ మాత్రం యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య పక్కనే ‘టైప్=ఈఎక్స్‌టీ4’ అని, అంటే లోపలున్నది లైనక్స్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి) అని ఒక్క వరుసలో తేల్చేసింది. దాని మాటే నిజమైంది.

పార్టిషన్ టేబుల్‌లోని (డిస్కు విభాగాల పట్టికలోని) రకం సంఖ్య పైన అంటించిన చీటీ లాంటిది. తర్వాత ఎవరైనా వేరే ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసినా ఆ చీటీ మారకపోవచ్చు. యుటిల్-లైనక్స్ ప్యాకేజీతో వచ్చే బీఎల్‌కేఐడీ చీటీని నమ్మకుండా లోపలి బైట్లనే చదువుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అయితే మొట్టమొదటి నాలుగు బైట్లలోనే ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్‌బీ’ అనే అక్షరాలు దొరుకుతాయి. ఈఎక్స్‌టీ కుటుంబానికి సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ వివరాలుండే భాగం) 1024వ బైటు దగ్గర మొదలవుతుంది, అక్కడి నుంచి మరో 56 బైట్ల తర్వాత హెక్సాలో ఈఎఫ్53 అనే సంఖ్య ఉంటుంది. ఈఎక్స్‌టీ2, 3, 4 మూడింటికీ ఇదే గుర్తు కావడంతో, జర్నల్ (మార్పుల చిట్టా) ఉందా, ఎక్స్‌టెంట్లు (పక్కపక్క బ్లాకులను ఒక్క గుంపుగా నమోదు చేసే పద్ధతి) వాడారా అన్న ఫీచర్ గుర్తులను కూడా చూసి అది ఏదో నిర్ణయిస్తుంది. ఈ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

నాకున్న గట్టి అభ్యంతరం క్యాష్, అంటే ముందే దాచిపెట్టుకున్న సమాచారం గురించి. రూట్ అనుమతి లేకుండా నడిపితే ఈ కమాండ్ డిస్కును చదవలేక, ఎప్పుడో దాచుకున్న సమాచారాన్ని సరిచూడకుండానే, అది పాతదన్న హెచ్చరిక కూడా లేకుండా చూపగలదు. డిస్కులు మార్చి మార్చి పెట్టేవారికి ఇది ప్రమాదకరం. అందుకే నేను ఎప్పుడూ సుడోతో, ‘మైనస్ పీ’ జోడించి, పార్టిషన్ పేరు ఇచ్చి నడుపుతాను. అప్పుడది క్యాష్ జోలికి పోకుండా నేరుగా డిస్కునే చదువుతుంది. రోజువారీగా ఒక్క చూపులో అన్నీ కనబడాలంటే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్’ అనే మరో కమాండ్ మేలు, బీఎల్‌కేఐడీ మాన్యువల్ పేజీ సలహా కూడా అదే.

పాత ఫైల్ సిస్టమ్ ఆనవాళ్లు పూర్తిగా చెరగని పార్టిషన్‌లో ఒకటికి రెండు గుర్తులు దొరికితే, ‘మైనస్ పీ’ ఏదో ఒకటి ఊహించి చెప్పదు; 8 అనే ఎగ్జిట్ కోడ్‌తో (ముగిసేటప్పుడు ఫలితం తెలిపే సంఖ్యతో) ఆగిపోతుంది. అప్పుడు వైప్‌ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడిపితే, దేన్నీ చెరపకుండా ఏ గుర్తు ఎక్కడుందో చూపిస్తుంది.

పెదనాన్నగారి డిస్కులో అలాంటి చిక్కు రాలేదు. రకం తెలిసింది కాబట్టి, జర్నల్‌ను కూడా ముట్టుకోకుండా ‘ఆర్‌ఓ (చదవడానికి మాత్రమే), నోలోడ్’ ఆప్షన్లతో మౌంట్ చేసి (తెరిచి), వీడియోను ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాను.