సీనియర్ ఓపెన్‌కి కార్నూస్టీ మేలా, పోర్త్‌కాల్ మేలా?

కార్డిఫ్‌లో మా ఆదివారం గోల్ఫ్ బ్యాచ్‌కి జులై వస్తే ఇదే పంచాయతీ. యాభై దాటిన గోల్ఫర్ల పెద్ద టోర్నీ సీనియర్ ఓపెన్ 2024లో స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ కోర్సులో జరిగాక అది మరీ ముదిరింది. "వేల్స్‌లోని పోర్త్‌కాల్ కోర్సు మన ఇంటి పక్కనుంది కాబట్టే వెనకేసుకొస్తున్నావు" అని నా మీద అభియోగం. నోటితో చెప్తే ఎవరూ విననివ్వడం లేదు, అందుకే రాస్తున్నాను.

కార్నూస్టీని తక్కువ చేయడానికి నాకు నోరు రాదు. గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ జీవితంలో ఆడింది ఒకే ఒక్క ఓపెన్ (వయసు పరిమితి లేని అసలు టోర్నీ). అది 1953లో ఇక్కడే, గెలిచి మరీ వెళ్లాడు. 1999 ఓపెన్‌లో వాన్ డి వెల్డ అనే ఆటగాడు మూడు షాట్ల ఆధిక్యంతో ఆఖరి హోల్‌కి వచ్చి, చివరికి బూట్లు విప్పి బ్యారీ బర్న్ అనే వాగు నీళ్లలో నిలబడ్డాడు. ఆ వాగు 17, 18 హోల్స్‌ని చుట్టుకునే ఉంటుంది, తప్పించుకుని పోయే దారి లేదు. అందుకే అక్కడ ఎంత ఆధిక్యంలో ఉన్నా ఆఖరి గంట టెన్షన్ తప్పదు. సీనియర్ ఓపెన్‌లోనూ అంతే. 2010లో లాంగర్ ఒక్క షాట్‌తో గట్టెక్కాడు. 2016లో బ్రాడ్‌హర్స్ట్, 2024లో కె.జె. చోయ్ రెండేసి షాట్ల తేడాతో గెలిచారు.

కానీ గెలిచిన స్కోర్లు పక్కపక్కన పెట్టి చూడండి. కార్నూస్టీలో ఆ మూడుసార్లు వరుసగా పార్‌కి (కోర్సుకి నిర్ణయించిన షాట్ల సంఖ్యకి; ఎంత తక్కువైతే అంత మేలు) 5 తక్కువ, 11 తక్కువ, 10 తక్కువ. పోర్త్‌కాల్‌లో 2014లో 18 తక్కువ, 2017లో 4 తక్కువ, 2023లో 5 ఎక్కువ! అదే కోర్సు, తొమ్మిదేళ్ల తేడా, గెలిచినవాళ్ల మధ్య 23 షాట్ల దూరం. కార్నూస్టీలో ప్రమాదం నేల మీద ఉంది. వాగు ఎక్కడుందో, బంకర్ (ఇసుక గుంట) ఎక్కడుందో ముందే తెలుసు, లెక్కేసుకుని ఆడొచ్చు. పోర్త్‌కాల్‌లో ప్రమాదం గాలి, అది పక్కనున్న సముద్రపాయ బ్రిస్టల్ చానెల్ మీదుగా వస్తుంది. ఏ రోజు వస్తుందో, ఎంతగా వస్తుందో దాని ఇష్టం. అక్కడ గాలిని ఆపడానికి పెద్ద ఇసుకదిబ్బలు లేవు, 18 హోల్స్‌లో ఎక్కడ నిలబడినా సముద్రం కనిపిస్తుంది. కార్నూస్టీలో సముద్రం పక్కనే ఉన్నా కనిపించేది తక్కువ.

నా దృష్టిలో అసలు సంగతి ఇదే. యాభై దాటినవాళ్లలో కొందరు ఇప్పటికీ బంతిని చాలా దూరం కొడతారు, కొందరు కొట్టలేరు. గాలి లేని రోజు మొదటివాళ్లదే రాజ్యం. ఎదురుగాలి లేచిందా, ఎత్తుగా లేచిన బంతి గాల్లోనే చచ్చిపోతుంది. అప్పుడు పనికొచ్చేది ముప్పై ఏళ్లుగా చేతుల్లో ఉన్న పనితనం: పెద్ద క్లబ్ (బంతిని దూరం పంపే గోల్ఫ్ కర్ర) తీసుకుని, సగం ఊపుతో, నేలని రాసుకుంటూ పంపడం. 2023లో పోర్త్‌కాల్‌లో స్కోర్లు సమమై ఆడిన ప్లేఆఫ్‌లో అలెక్స్ చేక చేతిలో ఓడింది హారింగ్టన్, ఆ వయసువాళ్లలో దూరానికి పేరు మోసినవాడు.

ఆ ఆదివారం నేను 18వ గ్రీన్ దగ్గరే ఉన్నాను. గొడుగు తెరిచీ తెరవగానే వెనక్కి తిరగబడింది. ఒకాయన నాలుగడుగుల పట్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే షాట్) కోసం నిలబడ్డాడు. తడిసిన ప్యాంటు ముందువైపు కాళ్లకి అతుక్కుపోయింది, వెనకవైపు జెండాలా టపటపా కొట్టుకుంటోంది. రెండుసార్లు వెనక్కి జరిగాడు. మూడోసారి కొట్టాడు, పడింది. ఆయన చేయి కూడా ఎత్తలేదు, నేరుగా లోపలికి నడిచి వెళ్లిపోయాడు.

2014 సంగతేంటని మావాళ్లు అడుగుతారు. నిజమే, లాంగర్ 13 షాట్ల తేడాతో గెలిచాడు, ఆదివారం ఆట చప్పగా ఉంది. గాలి సెలవు పెడితే పోర్త్‌కాల్ సగం కోర్సే. ఆ లోటు కార్నూస్టీకి లేదు, ఒప్పుకుంటాను.

మిగతా కోర్సులు? సెయింట్ ఆండ్రూస్‌కి సీనియర్ ఓపెన్ 2018లో ఒకసారి వచ్చింది, హిమెనెస్ గెలిచాడు. పేరు గొప్పదే గానీ చూసేవాళ్లని అంచుల్లోనే నిలబెడతారు, నడిమధ్య ఆట చూడాలంటే కళ్లు చికిలించాలి. లిథమ్ మంచిదే, చుట్టూ ఇళ్లు. సన్నింగ్‌డేల్ అసలు లింక్సే (సముద్రతీరపు ఇసుకనేల కోర్సే) కాదు, దాన్ని ఈ గొడవలోకి లాగకండి.

ప్రయాణం విషయంలో మాత్రం కార్నూస్టీదే పైచేయి. రైలు దిగి కోర్సు దాకా నడిచి వెళ్లొచ్చు. పోర్త్‌కాల్‌కి రైలు లేదు, పైల్‌లోనో బ్రిడ్జెండ్‌లోనో దిగి మళ్లీ బస్సు పట్టాలి. ఈసారి అక్కడ జరిగితే వచ్చేవాళ్లు గొడుగు ఇంట్లోనే పెట్టి, తల మీదికి లాక్కునే టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తెచ్చుకోండి.