సిలిండర్ లేని మొక్కల అక్వేరియం: మూడేళ్ళ తర్వాత

మా హాల్లో టీవీ పక్కన రెండడుగుల అక్వేరియం ఉంది. 2022 జూన్‌లో పెట్టాను. మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ అందించే సిలిండర్ లేదు, ఖరీదైన లైటు లేదు, పెద్ద ఫిల్టరూ లేదు. అడుగున మట్టి, దానిమీద ఇసుక, నిండా మొక్కలు, కొన్ని చిన్న చేపలు. లో-టెక్ అంటారు దీన్ని. మూడేళ్ళు దాటినా నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇందులో ఏది కలిసొచ్చిందో, ఏది దెబ్బతీసిందో రాస్తున్నాను. కొత్తగా పెట్టేవాళ్ళు ముఖ్యంగా మొదటి నెల గురించి చదవండి. నేను బాధపడింది అక్కడే.

తొట్టి 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. మట్టీ ఇసుకా పోను నలభై లీటర్ల నీళ్ళు పడతాయి. అన్నీ కలిపితే డెబ్బై కిలోల దాకా బరువు, కాబట్టి బల్ల గట్టిది కావాలి. గాజు కింద థర్మోకోల్ షీటు వేశాను. ఫిల్టర్ అంటే చిన్న గాలిపంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరే. నెలకోసారి ఆ స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండుతాను. నల్లా కింద కడిగితే క్లోరిన్‌కి అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

మట్టి విషయంలో మొదట తప్పు చేశాను. నర్సరీ నుంచి పశువుల ఎరువు కలిపిన మట్టి తెచ్చి వేశాను. మొక్కలకు బలం కదా అనుకున్నాను. నాలుగో రోజుకి నీళ్ళు టీ డికాషన్ రంగుకి తిరిగాయి, వాసన కూడా మొదలైంది. అంతా తీసేసి, ఎరువు కలపని మామూలు ఎర్రమట్టిని జల్లెడ పట్టి అంగుళం మందాన పరిచాను. దానిమీద అంగుళంన్నర ఇసుక. ఇసుకని బకెట్లో వేసి పైన తేరిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను, పదిహేనుసార్లయినా పట్టింది. ముందే గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూశాను. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది కరిగి నీళ్ళు ఇంకా గట్టిపడతాయి, అంటే లవణాలు పెరుగుతాయి. మా బోరు నీళ్ళకి ఆ అవసరం అసలే లేదు, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు ఇప్పటికే 800 దాటిపోతుంది. అందుకే నల్లాలో వచ్చే మంజీరా నీళ్ళు డ్రమ్ములో పట్టి, క్లోరిన్ పోవడానికి చుక్కల మందు వేసి వాడతాను.

ఇక చేపలు. మొక్కలు నాటిన మూడో రోజే ఏడు గప్పీలు తెచ్చాను. ఒక్కరోజు నీళ్ళు నిలవుంటే చాలు, వేసెయ్యొచ్చని షాపులో చెప్పారు, నమ్మాను. వారంలో నాలుగు పోయాయి. ఒకటి పోయేముందు రోజంతా నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, మొప్పలు ఎర్రగా కందిపోయాయి. మా పాప ఆ రోజు బడికి వెళ్ళనంది. తర్వాత టెస్ట్ కిట్ కొని చూస్తే అమ్మోనియా ఎక్కువగా ఉంది. చేపల వ్యర్థాల నుంచీ కొత్త మట్టి నుంచీ అమ్మోనియా వస్తుంది. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరోరకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది చాలావరకు మొక్కలకు ఎరువు. ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ నాలుగు చేపలూ బతికేవి. రోజూ పావువంతు నీళ్ళు మార్చి మిగతా మూడింటినీ కాపాడుకున్నాను.

మొక్కల్లో నాకు బాగా కలిసొచ్చింది వాలిస్నేరియా. పొడవాటి రిబ్బన్‌లాంటి ఆకులు, గట్టి నీళ్ళు కూడా పడతాయి దీనికి. ఐదు మొక్కలు పెడితే ఇసుక కింద తీగలు పాకి ఏడాదిలో వెనక గోడంతా కప్పేసింది. అనుబియాస్, జావా ఫెర్న్ నెమ్మదిగా పెరుగుతాయి కానీ చావవు. వాటి లావు కాండాన్ని ఇసుకలో పాతొద్దు, కుళ్ళిపోతుంది. నేను నల్ల దారంతో రాయికి కట్టాను. క్రిప్టోకొరైన్ వెండ్టీ మాత్రం గుండె ఆగినంత పని చేసింది. నాటిన పదోరోజుకి ఆకులన్నీ ఉల్లిపొరలా పలచబడి, ముట్టుకుంటే జిగురుగా చేతికొచ్చాయి. పీకి పారేద్దామనుకుని కూడా వదిలేశాను. మూడు వారాలకి అదే వేరు నుంచి గోధుమరంగు చిగురు లేచింది. కొత్త నీళ్ళకి అలవాటు పడేటప్పుడు ఆ మొక్క అలాగే ఆకులు రాలుస్తుంది. వేరు గట్టిగా ఉంటే కదిలించకండి.

లైటు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రెండో నెల అంతా దీనితోనే టెన్షన్ పడ్డాను. మొక్కలు బాగా పెరగాలని రోజుకి పది గంటలు వేసేదాన్ని. అనుబియాస్ ఆకుల అంచుల మీద పచ్చటి జుట్టులాంటి పాచి పట్టింది. టూత్‌బ్రష్‌కి చుట్టి లాగితే వచ్చేది, నాలుగు రోజుల్లో మళ్ళీ అంతే. సిలిండర్ లేని తొట్టిలో మొక్కలు వాడుకోగలిగే వెలుతురుకి ఒక హద్దుంది. మిగిలినదంతా పాచికే పోతుంది. టైమర్ కొని ఆరు గంటలకి తగ్గించాను, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా. పైన నాలుగు అంతర తామర మొక్కలు వదిలాను. అవి నీడా ఇస్తాయి, నీటిలోని నైట్రేట్‌నీ పీల్చుకుంటాయి. నెలన్నరలో పాచి వెనక్కి తగ్గింది. లైటు కూడా ప్రత్యేకమైనదేం కాదు, డబ్బా మీద కూల్ డే లైట్, 6500 కెల్విన్ అని ఉండే 12 వాట్ల ఎల్ఈడీ బల్బు. మూడేళ్ళలో ఒక్కసారే మార్చాను.

పాచి తింటుందని అదే షాపులో సక్కర్ ఫిష్ ఇవ్వబోయారు. దయచేసి తేవద్దు. అంగుళం పిల్లగా ఇస్తారు, అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక జనం చెరువుల్లో వదిలేస్తారు. మన కాలువల్లో, చెరువుల్లో అది పెరిగిపోయి, ముళ్ళ రెక్కలతో జాలర్ల వలలు చింపేస్తోంది. పాచికి నా దగ్గర ఉన్నవి నత్తలు, చెర్రీ రొయ్యలు, అవి చాలు.

హైదరాబాద్ వేసవి అసలు పరీక్ష. మొదటి ఏప్రిల్లోనే నీళ్ళు 33 డిగ్రీలకి వెళ్ళాయి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. ఒకరాత్రి కరెంటు పోయి పంపు ఆగింది. తెల్లవారుజామున లేచి చూస్తే చేపలన్నీ పైనే ఉన్నాయి. చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ అరగంట కూర్చున్నాను. ఒక్కొక్కటీ కిందికి దిగింది. ఆ వారమే బ్యాటరీతో నడిచే గాలిపంపు కొన్నాను. ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూత తీసి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటిపైకి తిప్పుతాను, రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్ళ బదులు ఆర్వో నీళ్ళు పోస్తాను. మామూలు నీళ్ళే పోస్తూ పోతే ఉప్పంతా లోపలే మిగిలి రోజురోజుకీ గట్టిపడతాయి. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్ళు అసలు వాడకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఇందులో ఎనిమిది జీబ్రా చేపలు, కొన్ని గప్పీలు, లెక్కపెట్టలేనన్ని రొయ్యలు. ఆదివారం పావువంతు నీళ్ళు మారుస్తాను, ఇరవై నిమిషాల పని. "అమ్మాయ్, ఆ నీళ్ళు పారబోయకు, నా కరివేపాకుకి పొయ్యి" అంటారు అత్తయ్య. ఆ మొక్క ఈ మూడేళ్ళలో నా భుజాల దాకా పెరిగింది. నీళ్ళు మార్చిన సాయంత్రం లైటు కింద వాలిస్నేరియా ఆకుల మీద గుండుసూది తలంత బుడగలు వరసగా లేచి పైకి పోతుంటాయి. వంట ఆపి చూస్తాను.

నచ్చనిదీ ఉంది. మట్టి వేశాక మొక్కల స్థానం మార్చడం కష్టం. వేరుతో పీకితే నీళ్ళన్నీ బురదవుతాయి. ఇసుక కింద గాలి ఆడక కుళ్ళిన గుడ్డు వాసన రాకుండా అప్పుడప్పుడూ చీపురు పుల్లతో గుచ్చాలి. ఎర్రటి మొక్కల కోసం రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ పచ్చగానే పెరిగాయి. అలాంటివి కావాలంటే ఈ పద్ధతి పనికిరాదు.

కత్తిరించిన మొక్కలు, ఎక్కువైన అంతర తామర ఏ చెరువులోనూ వేయను, ఎండబెట్టి కుండీల్లో వేస్తాను. గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. పోయిన నెల పై ఫ్లోర్ అబ్బాయి, ఎనిమిదో తరగతి, తనకీ ఒక తొట్టి కొన్నారని వచ్చి మొక్కలు అడిగాడు. వాలిస్నేరియా పిలకలు పది, ఒక అనుబియాస్ ముక్క, మంచి బ్యాక్టీరియా కోసం నా ఫిల్టర్ స్పాంజిలో సగం కోసి ఇచ్చాను. చేపలు ఎప్పుడు వేయాలాంటీ అన్నాడు. టెస్ట్ కిట్ కూడా చేతిలో పెట్టి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారంపాటు సున్నా చూపించాక రమ్మన్నాను. రోజూ సాయంత్రం అంకె రాసుకుని తెచ్చి చూపిస్తున్నాడు.